పిలుపు వచ్చేలా సీవీ రాయడం ఎలా: ప్రకటన చదవడం నుంచి పంపేదాకా

సీవీ రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదట చేసే పని, మంచి టెంప్లేట్ కోసం వెతకడం. రంగులు, ఫాంట్లు చూస్తూ ఒక పూట గడిచిపోతుంది, చివరికి ఒకటి ఎంచుకుని అందులో ఉన్న గడులన్నీ వరసగా నింపేస్తారు, ఆ ఒక్క ఫైలునే కనబడిన ప్రతి ఉద్యోగానికీ పంపేస్తారు. తర్వాత వారాల తరబడి ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్: నాలో ఏదో లోపం ఉందేమో, నా చదువు సరిపోదేమో అని.

మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునే పనిలో కొన్నేళ్లుగా నేనూ ఉన్నాను, సీవీలు బాగానే చదివాను. చాలాసార్లు లోపం మనిషిలో ఉండదు. పని బాగా తెలిసినవాళ్లు ఆ పని గురించి చెప్పుకోవడం చేతగాక పక్కన పడిపోతుంటారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. సీవీ మీ జీవిత చరిత్ర కాదు. కరిక్యులమ్ వీటే అనే లాటిన్ మాటకి 'జీవిత గమనం' అనే అర్థం, నిజమే, కానీ చదివేవాళ్లకి మీ జీవితంతో పని లేదు. వాళ్ల దగ్గర ఒక ఖాళీ ఉంది, ఒక అవసరం ఉంది, అది మీతో తీరుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకి కాగితం మీద మీరిచ్చే జవాబే సీవీ. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: ప్రకటనని పాఠంలా చదవండి

రాయడానికి ముందు కనీసం అరగంట ప్రకటన మీద పెట్టండి. 'తప్పనిసరి' అన్నవాటికి ఒక రంగు, 'ఉంటే మంచిది' అన్నవాటికి ఇంకో రంగు పూయండి. తర్వాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఎక్సెల్ రిపోర్టుల గురించి మూడు చోట్ల రాశారంటే ఆ పనిలో చేరేవాళ్ల రోజులో సగం రిపోర్టులతోనే గడుస్తుందని అర్థం. 'ఒత్తిడిలోనూ ప్రశాంతంగా ఉండగలగాలి' అన్నారంటే అక్కడ ఫిర్యాదులో, గడువులో ఎక్కువన్నమాట. ఇలా చదివాక ఒక కాగితం మీద మీ మాటల్లో రెండు వాక్యాలు రాసుకోండి: వీళ్లకి ఏం కష్టం ఉంది, దాన్ని తీర్చడానికి ఎలాంటి మనిషి కావాలి. సీవీలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేలనప్పుడల్లా ఈ రెండు వాక్యాల వైపు చూడండి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ లియొనార్డో డావిన్సీది. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా దగ్గర కొలువు కోసం ఆయన తయారు చేసుకున్న ఉత్తరం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. ఆ పాలకుడికి యుద్ధాల గోల ఎక్కువ. అందుకని లియొనార్డో అంశాలకి వరసగా నంబర్లు వేసి, తేలికగా మోసుకెళ్లగల వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కోటల్ని కూల్చే మార్గాలు తెలుసు అంటూ పోయి, శిల్పం, చిత్రలేఖనం సంగతి చివర్లో చెప్పాడు. అంత గొప్ప చిత్రకారుడు తనకి బాగా వచ్చిన విద్యని అట్టడుగున పెట్టాడు, ఎందుకంటే ఎదుటివాడికి కావలసింది ముందు అది కాదు.

ప్రకటనలో అడిగినవన్నీ మీ దగ్గర లేకపోతే వెనక్కి తగ్గక్కర్లేదు. చట్టప్రకారం ఉండాల్సిన లైసెన్సులు, డిగ్రీలు లేకపోతే అది వేరే సంగతి. మిగతావాటిలో ముఖ్యమైనవి ఎక్కువ భాగం ఉంటే దరఖాస్తు వేయండి.

రెండో అడుగు: ముందు పెద్ద ఫైలు, తర్వాతే సీవీ

ఎవరికీ పంపని ఒక ఫైలు మీకోసం తయారు చేసుకోండి. పది పేజీలైనా పర్వాలేదు. చేసిన ప్రతి ఉద్యోగం, ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు, జీతం లేకుండా చేసిన సేవ కూడా అందులో ఉండాలి. ఏ నెలలో చేరారు, ఏ నెలలో మానేశారు, హోదా ఏమిటి, ఏ సాఫ్ట్‌వేర్లు వాడారు, ఏ యంత్రాలు నడిపారు, ఎవరితో కలిసి పనిచేశారు, మీ వల్ల ఏం మారింది. ఇది ఒకసారి చేసి పెట్టుకుంటే ప్రతి ఉద్యోగానికీ అందులోంచి కావలసింది ఏరుకుని పేర్చుకోవచ్చు, ప్రతిసారీ కొత్తగా తల పట్టుకోనక్కర్లేదు.

'నేను పెద్దగా చేసిందేమీ లేదు' అని ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అలా అనిపిస్తే ఈ ప్రశ్నలు వేసుకోండి. మీరు సెలవు పెట్టిన రోజు ఏ పని ఆగిపోయేది? కొత్తగా చేరినవాళ్లకి మీ చేత ఏం నేర్పించేవాళ్లు? ఎలాంటి చిక్కు వస్తే 'వాళ్లని అడగండి' అని మీ పేరు చెప్పేవాళ్లు? మీరు చేరినప్పుడు ఒక రకంగా ఉండి, మానేసేటప్పటికి ఇంకో రకంగా మారిన పని ఏది? వీటికి జవాబులు రాసుకుంటూ పోతే మీరే ఆశ్చర్యపోతారు. రోజూ చేసే పని మనకి పనిలా అనిపించదు, అదే అసలు ఇబ్బంది. పాత మెయిళ్లు, నెలవారీ రిపోర్టులు, మెచ్చుకుంటూ వచ్చిన మెసేజీలు కూడా ఒకసారి తిరగేయండి, మర్చిపోయినవి చాలా బయటపడతాయి.

మూడో అడుగు: ఒక్కో వాక్యాన్నీ చెక్కడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నేను చూసిన సీవీల్లో ఎక్కువ వాటిలో 'అనుభవం' కింద ఉండేది ఉద్యోగ నియామక పత్రంలోని బాధ్యతల జాబితా. అదే హోదాలో పనిచేసిన ఎవరి సీవీలో పెట్టినా సరిపోతుంది. వాళ్లకీ మీకూ తేడా ఏమిటో అందులో ఎక్కడా కనబడదు.

గూగుల్‌లో మానవ వనరుల విభాగానికి నాయకత్వం వహించిన లాస్లో బాక్ దీనికో తేలికైన సూత్రం చెప్పాడు: ఏం సాధించారు, దాన్ని ఏ కొలతతో చూపించగలరు, ఏం చేసి సాధించారు. ఈ మూడూ ఒకే వాక్యంలోకి రావాలి.

చూడండి. 'గోదాములో స్టాక్ నిర్వహణ బాధ్యతలు' అని ఉంది. దాన్నే ఇలా రాస్తే: 'సుమారు 1,200 రకాల సరుకు ఉన్న గోదాములో వారానికోసారి జరిగే లెక్కింపుని రోజువారీ చిన్న లెక్కింపులుగా మార్చాను, నెలాఖరులో తేలే తేడాలు 40 నుంచి 9కి తగ్గాయి.' చదివిన మనిషికి గోదాము కళ్ల ముందు కనబడుతుంది, మీ ఆలోచనా కనబడుతుంది.

ఇంకొకటి. '8, 9 తరగతులకి గణితం బోధన' అన్నదాన్ని, '8, 9 తరగతుల్లో 70 మందికి గణితం చెప్పాను, వెనకబడిన 15 మందికి వారంలో రెండు సాయంత్రాలు విడిగా క్లాసులు తీసుకుంటే వాళ్లలో 12 మంది వార్షిక పరీక్ష పాసయ్యారు' అని మార్చండి. అబద్ధమేమీ చేర్చలేదు. జరిగింది జరిగినట్టే చెప్పాం, అంతే.

'మా పనిలో అంకెలుండవు' అని కొందరంటారు. అమ్మకాలు, లాభాలు మాత్రమే అంకెలు కావు. రోజుకి ఎంతమందితో మాట్లాడేవారు, నెలకి ఎన్ని ఫైళ్లు చూసేవారు, టీమ్‌లో ఎంతమంది, ఒక పనికి ముందు ఎంత సేపు పట్టేది తర్వాత ఎంత పట్టింది, ఎన్ని నెలలు తప్పు లేకుండా నడిచింది, ఇవన్నీ అంకెలే. ఖచ్చితంగా గుర్తులేకపోతే 'సుమారు' అని పెట్టండి, కానీ ఇంటర్వ్యూలో ఆ లెక్క ఎలా వచ్చిందని అడిగితే చెప్పగలగాలి. ఫలితం నిజంగా తెలియకపోతే కల్పించకండి, పని ఎంత పెద్దదో చెబితే చాలు. పాత సంస్థ లోపలి ఆదాయ లెక్కలు, ఖాతాదారుల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు. వాళ్ల రహస్యాలు సీవీలో పెట్టిన మనిషి రేపు మన రహస్యాలూ పెడతాడని చదివేవాళ్లకి అనిపిస్తుంది.

సీవీ ఇంగ్లీషులో రాస్తుంటే 'రెస్పాన్సిబుల్ ఫర్' అనే మాట ఎక్కడ కనబడినా కొట్టేయండి. బాధ్యత మీది అంటే మీరు చేశారని కాదు. మేనేజ్డ్, బిల్ట్, ట్రైన్డ్, రెడ్యూస్డ్ లాంటి క్రియతో నేరుగా మొదలుపెట్టండి, 'ఐ' అని ప్రతి వాక్యంలో రాయనక్కర్లేదు. మానేసిన ఉద్యోగానికి భూతకాలం, ఇప్పుడు చేస్తున్నదానికి వర్తమానం, ఇది తప్పకుండా పాటించండి. ఇక 'హార్డ్ వర్కింగ్', 'టీమ్ ప్లేయర్', 'క్విక్ లర్నర్' లాంటి మాటలు. ఇవి లేని సీవీ లేదు, అందుకే వీటికి విలువా లేదు. కష్టపడతానని చెప్పడం కన్నా, కష్టపడి చేసిన ఒక పని రాయండి.

టీమ్‌గా చేసిన పనుల దగ్గర జాగ్రత్త. మొత్తం మీదేనన్నట్టు రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. 'ఆరుగురి టీమ్‌లో టెస్టింగ్ భాగం నేను చూశాను' అంటే గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఒక్కో ఉద్యోగానికి మూడు నుంచి ఐదు వాక్యాలు చాలు. పదేళ్ల నాటి ఉద్యోగానికి ఒక్క లైను చాలు.

నాలుగో అడుగు: ఏది పైన, ఏది కింద

ల్యాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైటు 2018లో రిక్రూటర్ల కంటి కదలికల్ని గమనించినప్పుడు ఒక్కో సీవీ మీద తొలిచూపు సగటున 7.4 సెకన్లు నిలిచింది. ఇంత తక్కువా అని దిగులుపడకండి. మొదటి పేజీ పై భాగంలో ఏం పెడతామన్నది చాలా ముఖ్యమని మాత్రం గుర్తుంచుకోండి.

పేరు, ఫోను, మెయిలు, ఉండే ఊరు. వాటి కింద మూడు నాలుగు లైన్ల పరిచయం. ఆ తర్వాత అనుభవం, ఇప్పటిది ముందు, పాతవి వెనక. హోదా, సంస్థ, తేదీలు ప్రతి ఉద్యోగానికీ ఒకే వరసలో ఉండాలి, ఎందుకంటే చదివేవాళ్ల కన్ను మొదట వెతికేది వాటినే. తర్వాత నైపుణ్యాలు, చదువు. మీ పాత సంస్థలో హోదాకి బయటివాళ్లకి అర్థం కాని పేరేదైనా ఉంటే, దాని పక్కనే అందరికీ తెలిసిన పేరు కూడా రాయండి.

ఇప్పుడే చదువు పూర్తి చేసినవాళ్లైతే చదువు పైకి వస్తుంది, దాని వెంటనే ప్రాజెక్టులు. ప్రాజెక్టు పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. ఎవరి ఇబ్బంది తీర్చడానికి చేశారు, మీ వంతు ఏమిటి, పనిచేసిందా లేదా, ఇదే చదివేవాళ్లకి కావలసింది. సెలవుల్లో చేసిన పార్ట్‌టైమ్ పని చిన్నదని దాచేవాళ్లున్నారు. దాచొద్దు. నేను దాన్ని ఎప్పుడూ తక్కువగా చూడలేదు, టైముకి వచ్చి పనిచేసిన అలవాటు ఉందని దాన్ని బట్టే తెలుస్తుంది.

రంగం మారాలనుకునేవాళ్లకి, తేదీలు పక్కనపెట్టి నైపుణ్యాలే పేజీ నిండా రాయమని కొందరు సలహా ఇస్తారు. నేనొప్పుకోను. అలాంటి సీవీ చూడగానే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. పైన పరిచయంలో ఎందుకు మారుతున్నారో ఒక వాక్యంలో చెప్పండి, పాత ఉద్యోగాల్లో కొత్త పనికి పనికొచ్చే వాక్యాల్నే ముందుకు తెండి, తేదీలు మాత్రం ఉండనివ్వండి.

పైనుండే పరిచయం అన్నిటికన్నా చివర రాయండి. మిగతాదంతా తేలాక, మీలో ఏది వాళ్లకి ఎక్కువ కావాలో మీకే తెలుస్తుంది. 'ఎదుగుదలకి అవకాశమున్న సంస్థలో చేరి నా నైపుణ్యాలు మెరుగుపరచుకోవాలని నా లక్ష్యం' లాంటి వాక్యం అసలొద్దు, అది మీకేం కావాలో చెబుతుంది, వాళ్లకేం కావాలో కాదు. దానికి బదులు: 'ఆరేళ్లుగా కస్టమర్ సపోర్టులో ఉన్నాను, చివరి రెండేళ్లు ఎనిమిది మంది టీమ్‌ని నడిపాను. ఫిర్యాదుల సమాచారాన్ని ఎక్సెల్‌లో రిపోర్టులుగా మార్చి, పదేపదే వచ్చే ఫిర్యాదులకి మూలం కనిపెట్టడం నా బలం.' ఇది ఎవరి ప్రకటనకి జవాబో చూడగానే తెలుస్తోంది కదా.

ఖాళీ ఏళ్లు, సొంత వివరాలు

పిల్లల కోసమో, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం కోసమో, పరీక్షల కోసమో, ఉద్యోగం పోయో కొంతకాలం ఖాళీ వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏ నెల నుంచి ఏ నెల వరకో రాసి, 'కుటుంబ బాధ్యతల కోసం విరామం' అని ఒక్క లైను పెట్టండి, ఆ సమయంలో ఏదైనా కోర్సు చేసి ఉంటే అదీ రాయండి. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. తేదీలు జరిపి ఆ ఖాళీని మూసేయాలని మాత్రం చూడకండి. పాత సంస్థని అడిగితే ఒక్క ఫోనుతో తెలిసిపోతుంది, ఉద్యోగంలో చేరాక బయటపడినా ఆ ఉద్యోగం పోవచ్చు.

మతం, పెళ్లయిందా లేదా, తల్లిదండ్రుల పేర్లు, పూర్తి చిరునామా, గుర్తింపు కార్డు నంబర్లు, ఇవేవీ పనికి సంబంధించినవి కావు. ప్రకటనలో అడిగితే తప్ప రాయకండి, గుర్తింపు నంబర్లైతే మోసాలకి కూడా దారితీస్తాయి. ఫోటో సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో వివక్ష ఆరోపణలు వస్తాయని సంస్థలు ఫోటో లేకుండా ఉండడమే కోరుకుంటాయి, జర్మనీలో ఫోటో పెట్టడం ఇప్పటికీ మామూలే. అమెరికాలో సీవీ అంటే పరిశోధన, బోధన ఉద్యోగాలకి పంపే పొడవాటి పత్రం, మామూలు ఉద్యోగాలకి పంపేదాన్ని రెజ్యూమె అంటారు. బ్రిటన్‌లో రెండో దాన్నే సీవీ అంటారు. యూరప్ దేశాలకి యూరోపాస్ అనే ఉమ్మడి నమూనా ఉంది, అడిగిన చోట అది వాడండి.

ఐదో అడుగు: సాఫ్ట్‌వేరూ చదవాలి, మనిషీ చదవాలి

పెద్ద సంస్థల్లో సీవీలు ముందు ఒక సాఫ్ట్‌వేర్‌లోకి వెళతాయి, దాన్ని ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అంటారు. దాని గురించి భయాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. అది ప్రధానంగా చేసే పని మీ ఫైలులోంచి అక్షరాల్ని లాగి గడుల్లో సర్దడం, రిక్రూటర్ ఏదైనా మాట వెతికితే ఆ మాట ఉన్న సీవీలు చూపించడం. దరఖాస్తు ఫారంలో 'ఈ లైసెన్సు ఉందా' లాంటి ప్రశ్నకి లేదు అంటే పక్కనపెట్టేలా కూడా అమర్చుకోవచ్చు. కాబట్టి ప్రకటనలో వాళ్లు ఏ మాట వాడారో, అది మీకు నిజంగా వచ్చినదైతే, అదే మాట మీరూ వాడండి. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో మాటలు దాచే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. సాఫ్ట్‌వేర్ అక్షరాలు బయటికి లాగితే అదంతా కనబడుతుంది.

రెండు నిలువు వరసల డిజైన్లు, టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు, ఫోను నంబరు హెడర్‌లో (వర్డ్‌లో పేజీ పైఅంచున విడిగా ఉండే భాగంలో) పెట్టడం, ఇవన్నీ అక్షరాలు లాగేటప్పుడు తారుమారయ్యే అవకాశం ఉన్నవి. నైపుణ్యాల పక్కన పెట్టే చుక్కలు, గీతలు కూడా వద్దు. పైథాన్‌లో ఐదుకి నాలుగు చుక్కలంటే ఏమిటో ఎవరికీ తెలియదు. దానికన్నా 'రెండేళ్లుగా పైథాన్‌లో డేటా శుభ్రం చేసే ప్రోగ్రాములు రాస్తున్నాను' అంటే తెలుస్తుంది.

ఒక తేలికైన పరీక్ష ఉంది. ఫైలు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ వరస చెడిపోయినా, కొన్ని మాటలు మాయమైనా, సాఫ్ట్‌వేర్‌కీ దాదాపు అలాగే కనబడుతుందని అర్థం. ప్రింటు తీసి స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలేమీ పేస్ట్ కాదు, అందుకే నేరుగా వర్డ్ నుంచే పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. వర్డ్ ఫైలే అడిగితే అదే పంపండి.

మిగతాది సులువు. మామూలు ఫాంటు, సైజు 10 నుంచి 12 మధ్య, చుట్టూ రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా ఖాళీ. కొత్తవాళ్లకి ఒక పేజీ, అనుభవం ఉన్నవాళ్లకి రెండు. రెండో పేజీలో రెండు లైన్లే మిగిలితే ఏవో రెండు వాక్యాలు తీసేసి ఒకే పేజీ చేయండి.

ఆరో అడుగు: తప్పులు వెతకడం, పంపడం

రాసిన రోజే పంపకండి. ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు ప్రింటు తీసి గట్టిగా చదవండి, కళ్లు దాటేసే తప్పులు నోటికి తగులుతాయి. ఫోను నంబరుకి మీరే డయల్ చేసి చూడండి, లింకులు నొక్కి చూడండి. ఒక సంస్థకి పంపే సీవీలో ఇంకో సంస్థ పేరు అలాగే వదిలేసి పంపినవాళ్లని నేను చూశాను, అది ఎంత మంచి సీవీనైనా ముంచేస్తుంది. తర్వాత మీ రంగం తెలియని ఒకరికి అర నిమిషం చూపించి వెనక్కి తీసుకోండి, 'నేనేం పని చేస్తానో చెప్పు' అని అడగండి. వాళ్లు తడబడితే పై భాగం మళ్లీ రాయాలి.

ఏఐ సాయంతో రాయించుకుంటున్నారా? అక్షర దోషాలు దిద్దడానికి, పొడవైన వాక్యం కుదించడానికి బాగానే పనికొస్తుంది. మొత్తం దాని చేతికిస్తే మాత్రం మీరు చేయని పనులు చేసినట్టు రాసేయగలదు, అందరి సీవీల్లాగే మీదీ తయారవుతుంది. ముందు మీరు రాయండి, తర్వాత దాని చేత దిద్దించుకోండి, చివర ప్రతి వాక్యమూ నిజమేనా అని మీరే చూసుకోండి.

ఫైలు పేరు 'న్యూ సీవీ ఫైనల్ 3' అని ఉండకూడదు, మీ పేరు, ఉద్యోగం పేరు ఉండాలి. మెయిల్ ఐడీ కూడా మీ పేరుతోనే, సాదాగా. మెయిల్లో ఖాళీగా ఫైలు తగిలించి పంపకుండా నాలుగు వాక్యాలు రాయండి: ఏ ఉద్యోగానికి, మీరెవరు, వాళ్ల అవసరానికి మీ అనుభవంలో ఏది సరిపోతుంది, ఎప్పుడు మాట్లాడగలరు.

పంపిన ప్రతిసారీ ఏ సంస్థకి, ఏ తేదీన, ఏ సీవీ పంపారో ఒక పట్టికలో రాసుకుని, ఆ ప్రకటనని కూడా సేవ్ చేసి పెట్టుకోండి, తర్వాత వెబ్‌సైటు నుంచి తీసేస్తుంటారు. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన రోజు వాళ్ల చేతిలో ఉన్నది ఏ కాగితమో మీకు తెలియాలి, వాళ్లు ప్రశ్నలడిగేది దాంట్లోంచే.